బోర్లించిన కప్పు

పొద్దున. వంటగది బల్లకి అటు భార్య, ఇటు భర్త. భర్త ఫోను భార్య చేతిలో ఉంది.

“ఎవరండీ ఈ పిచ్చుక?”

“ఏ పిచ్చుక?”

“తెల్లారగానే మీకు టీ కప్పు ఫోటో పంపే పిచ్చుక.”

“నా ఫోను చూశావా?”

“చూశాను. కప్పు మామూలుగా ఉంటే మీరో దణ్ణం బొమ్మ పెడతారు. బోర్లించి ఉంటే బాల్కనీలోకి పరిగెత్తి ఫోన్ చేస్తారు. ఏంటది, మొగుడు ఇంట్లో లేడని సైగా?”

“ఛఛ! ఆవిడకి అరవై ఏళ్ళు!”

“వయసడిగానా నేను?”

“ఆవిడొక్కతే కాదు, అదొక గ్రూపు. మాలాంటి వాళ్ళది.”

“మాలాంటి వాళ్ళంటే?”

“అదే... ఆమధ్య బస్సు నడిరోడ్డు మీద ఆపేశాను చూడు...”

“బ్రేకులు పోయాయన్నారుగా?”

“బ్రేకులు బానే ఉన్నాయి. నా చేతులే వణికాయి. ఊపిరందలేదు. వెనకాల జనం ఒకటే అరుపులు.”

“నాతో ఒక్క ముక్క చెప్పలేదు!”

“ఏమని చెప్పను? డాక్టరు మందులిస్తున్నాడు, వాడుతున్నాను. కానీ పొద్దున కళ్ళు తెరవగానే పట్టుకునే భయం ఉందే, అది వాళ్ళకే తెలుసు.”

“ముక్కూ మొహం తెలియని వాళ్ళకి! రేపు ఊరంతా టముకు వేస్తే?”

“అక్కడ పేర్లుండవు. నన్ను హారన్ అంటారు.”

“హారనా!”

“నవ్వకు. లేచి ఒక్క కప్పు కడిగి ఫోటో పెడితే చాలు, ఆ రోజుకి గెలిచినట్టే. నోరు పెగలని రోజు కప్పు బోర్లిస్తాం. ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఏమైందని మాత్రం అడగరు.”

“మరేం మాట్లాడతారు?”

“ఏదో ఒకటి. వాళ్ళ కుక్క అల్లరి, పక్కింటి గొడవ. ఊపిరి కుదుటపడేదాకా.”

“చెవిలో పువ్వులు పెట్టకండి. ఇప్పుడే బయటికొచ్చెయ్యండి అందులోంచి.”

“అదొక్కటీ అడక్కు. అది లేకపోతే నేను మంచం దిగలేను.”

“కట్టుకున్నదానికి చెప్పుకోలేనిది వాళ్ళకి చెప్పుకుంటారా?”

“నువ్వు చెప్పుకుంటున్నావా? స్నానాలగదిలో కుళాయి తిప్పి అంతంతసేపు ఏం చేస్తావో ఎప్పుడైనా అడిగానా?”

“బట్టలు ఉతుక్కుంటాను.”

“వాషింగ్ మిషన్ ఉందిగా.”

“మాట మార్చకండి.”

“సరే, మార్చను. జరుగు, ఇవాళ్టి కప్పు ఇంకా కడగలేదు.”

“ఏమండీ...”

“మళ్ళీ ఏంటి?”

“ఆ ఫోటోలో రెండు కప్పులు పెట్టనిస్తారా?”

“పెట్టొచ్చు. రెండోది ఎవరిది?”

“నాదే. బోర్లించి పెట్టండి.”