‘అర్థమైందా?’ అనడం మానుకున్న దుర్గాభవాని గారు

1993 జులై 12న కొత్తవలసలోని ఒక జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్ర ఉపన్యాసకురాలిగా చేరిన శ్రీమతి దుర్గాభవాని గారు, ఈ నెలాఖరున శ్రీకాకుళంలోని మన డిగ్రీ కళాశాల నుంచి పదవీ విరమణ చేస్తున్నారు. విజయనగరం నుంచి రోజూ రైల్లో వెళ్లివచ్చిన ఆ తొలి సంవత్సరాలలో, పాఠానికి కావలసిన కొమ్మలూ రెమ్మలూ దారిలోనే ఏరుకొని తడిగుడ్డలో చుట్టి తెచ్చేవారని నాటి సహోద్యోగులు నేటికీ చెప్పుకొంటారు. పదోన్నతిపై మన కళాశాలకు వచ్చాక విభాగాధిపతిగా పనిచేస్తూ, ప్రయోగశాల వెనుక బీడుపడిన జాగాలో మొక్కలు నాటించారు. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చేవారికి ఇప్పుడు అక్కడ కాస్త నీడ దొరుకుతోంది.

అయితే ఆమె పేరు వినగానే అందరికీ స్ఫురించేది మొదటి సంవత్సరం విద్యార్థుల సెమినార్. పల్లెల్లో తెలుగులో చదివి, ఒక్కసారిగా ఇంగ్లిషు పాఠాలలోకి, సెమిస్టర్ పరీక్షలలోకి వచ్చిపడిన పిల్లలు నిలదొక్కుకోవడానికి వారానికొక గంట కేటాయించినప్పుడు, ఆ గంటను అడిగి తీసుకున్నవారు ఆమె. చదివే పద్ధతులు, పరీక్షల నియమాలు ఓపికగా వివరించి, చివర “అర్థమైందా?” అనేవారు. “అయింది మేడమ్” అని తరగతి ఏకకంఠంతో పలికేది. ఆమె తృప్తిగా ఇంటికి వెళ్లేవారు.

అందరికన్నా గట్టిగా పలికే తులసి మొదటి ఇంటర్నల్ పరీక్ష తరువాత కనిపించలేదు. ఇంకొన్నాళ్లు రాకపోతే హాజరు చాలక ఆ సెమిస్టరే పోతుంది. తులసిది సముద్రపు ఒడ్డు ఊరు. తల్లి అసిరమ్మ పట్నంలో చేపలమ్ముతుంది. దుర్గాభవాని గారు చేపల బజారుకు వెళ్లేసరికి, తల్లి పక్కనే కూర్చొని తులసి చేపలు శుభ్రం చేస్తోంది.

“ఏటమ్మా, సేపలకొచ్చినారా, పిల్లకొచ్చినారా?” అంది అసిరమ్మ, కత్తిపీట మీంచి తలెత్తకుండానే.

“పిల్లకే. నేను చేపలు తినను.”

“తినకపోతే మాత్రం నిల్సుంటారేటి? కూకోండి” అంటూ ఖాళీ తట్ట బోర్లించింది. ఆమె కూర్చున్నారు.

“పరీక్ష పోయింది మేడమ్. పేరు కొట్టేస్తారనుకున్నాను” అంది తులసి, తల దించుకొని.

“మళ్లీ రాసుకోవచ్చని చెప్పాను కదమ్మా! అర్థమైందా అంటే అయిందన్నావు.”

“మీరంత ఇదిగా అడుగుతుంటే కాలేదని ఎలాగ సెప్పీది?” అంది తులసి.

“పెద్దోలు మాటాడితే తలూపమని నేనే నేర్పినాను. తప్పు నాది” అని అసిరమ్మ చేయి కడుక్కుంది. “రేపు బస్సెక్కించేస్తాను. మల్లీ తలూపిందంటే అప్పుడు మీ ఇష్టం!”

తులసి మర్నాడు వచ్చింది, ఆ పరీక్ష మళ్లీ రాసింది. సెమినార్‌లో మాత్రం “అర్థమైందా?” అన్న మాట ఆనాటితో ఆగిపోయింది. దానికి బదులు ప్రతి విద్యార్థీ స్టాఫ్‌రూమ్‌కు వచ్చి, కుర్చీలో కూర్చొని, తనకు అర్థం కానిది ఒకటి చెప్పాలి. చెప్పడం కన్నా అధ్యాపకుల ఎదుట కూర్చోవడమే పిల్లలకు కష్టమయ్యేది. “ఇది స్టాఫ్‌రూమా, బస్టాండా?” అని విసుక్కున్న భౌతికశాస్త్రం ఈశ్వర్ గారే, పిల్లలు తమ వంతు కోసం చాలాసేపు నిలబడుతున్నారని తరువాత ఎక్కడినుంచో రెండు కుర్చీలు మోయించి తెచ్చారు.

తులసి ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతోంది. ఈ నెల జరిగిన చివరి సెమినార్‌లో, వచ్చే సెమిస్టర్ సంగతులు చెప్పి ముగిస్తూ, దుర్గాభవాని గారు ఏ ధ్యాసలో ఉన్నారో, పాత అలవాటు చొప్పున “అర్థమైందా?” అనేశారు. వెనుక బెంచీ నుంచి త్రినాథ్ అనే కుర్రవాడు లేచాడు.

“నాకు కాలేదు మేడమ్. మల్లొకపాలి సెప్పండి.”

అప్పటికే గంట కొట్టేశారు. ఆమె మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఎవరూ లేచి వెళ్లలేదు.

ఇకపై ఉదయపు కాఫీని భర్త గిరిబాబు గారితో కలిసి, బస్సు వేళ చూసుకోనక్కర లేకుండా తాగే రోజులు ఆమెకు పుష్కలంగా లభించాలి. అర్థం కానిది అడగడానికి పిల్లలు ఆమె ఇంటి గుమ్మం ఎక్కుతూనే ఉండాలి. వారికి మొదటి నుంచి మళ్లీ చెప్పగల ఆరోగ్యమూ, దీర్ఘాయువూ ఆ దంపతుల ఇంట నిండుగా ఉండాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.