ఆరుగురూ చదివేదాకా

“ఇదంతా మీ ఐదుగురి వల్లే. ముఖ్యంగా నీ వల్ల.”

గోడ పటాలు పెట్టే ఇరుకు గదిలో, లోపల గడియ పెట్టుకుని కూర్చుంది తరగతిలో అందరికన్నా చిన్నది, పిచుక. బయట, అరచేతులు తలుపుకి ఆనించి, ఆ వరుస లీడరు.

“నేనేం చేశానే? గడియ తీయ్.”

“వరుసలో ఆరుగురూ పేజీ చదివేదాకా ఎవరూ అన్నం డబ్బా తెరవకూడదని రూలు పెట్టింది ఎవరు?”

“ఆ రూలు వల్లే కదే నీకు చదువొచ్చింది. బడి తెరిచిన రోజు నీకు గుణింతాలు కూడా రావు. ఇప్పుడు మీ తమ్ముడికి కథలు చదివి పెడుతున్నావ్.”

“వచ్చింది, కాదనట్లేదు. మీ ముందు చదవడం వేరు, ఆ తనిఖీ ఆయన ముందు వేరు. ఆయన మీసం చూశావా?”

“మీసం కరుస్తుందా?”

“నవ్వించకు. బట్టలు తడుపుకునేలా ఉన్నాను.”

“తడుపుకున్నా పర్లేదు, రా. పక్క వరుస అయిపోవచ్చింది. తర్వాత మనదే.”

“ఆయన చదివించేది వరుసకి ఇద్దరినే కదా. మొదట కూర్చునే నన్ను, చివర కూర్చునే నిన్ను. నేను రాకపోతే నువ్వు చదువు. నువ్వు గడగడా చదివేస్తావుగా.”

“నువ్వే ముందు చదవాలి.”

“ఎందుకు?”

“ఎందుకేంటి? వరుస పరువు.”

“నీ గొంతు వణుకుతోందేం?”

“పరిగెత్తుకొచ్చాను.”

“తరగతి పక్కనే.”

“పిచుకా, కాళ్లు పట్టుకుంటాను. ఒక్క పేజీ. ఎప్పటిలాగే మెల్లగా చదువు. ఎంత మెల్లగా అయినా పర్లేదు.”

“అది కొత్త పాఠం. మనలో ఎవరూ చదవలేదు.”

“అందుకే.”

“అందుకే అంటే?”

“ఏం లేదు. తీయ్.”

“ఒకటడగనా?”

“తర్వాత అడుగు.”

“మిగతా నలుగురూ నాకు తలా కాసిన్ని అక్షరాలు నేర్పారు. పొడుగుది వత్తులు నేర్పింది. కళ్లజోడుది నా వేలు పట్టుకుని దిద్దించింది. నువ్వొక్కదానివే ఏమీ నేర్పలేదు. చదువు, చదువు అని నెత్తిమీద కూర్చోవడమే.”

“లీడర్ని కదా. అందర్నీ చూసుకోవాలి.”

“నిన్న మనం చదివిన పేజీ నీ పుస్తకంలో చూశాను. ఆ పేజీ కింది సగం చిరిగిపోయింది. లేనే లేదు.”

“అయితే?”

“నువ్వు కిందిదాకా చదివావు.”

“మెల్లగా మాట్లాడు. ఎవరైనా వింటారు.”

“నేనెక్కడ తడబడ్డానో నువ్వూ అక్కడే తడబడ్డావు. నన్ను వెక్కిరిస్తున్నావనుకున్నాను.”

“వెక్కిరించలేదు.”

“మరి?”

“పిచుకా, పిలుస్తున్నారు. మన వరుసే. నాకు భయమేస్తోంది, నిజంగా భయమేస్తోంది. నువ్వు ముందు చదువు. నేను ఒక్కసారి వింటే చాలు.”

“ఎన్నాళ్లనుంచి ఇలా?”

“రెండో తరగతి నుంచి. అప్పుడే చెప్పేదాన్ని. ఈలోపు లీడర్ని చేసేశారు.”

“మీ అమ్మకి తెలుసా?”

“అమ్మకి చదువు రాదు. నాన్న పనిచేసే ఊరి నుంచి రాసే ఉత్తరాలు నేనే చదివి పెడతాను.”

“ఎలా?”

“కల్పించి. బాగున్నాను, మీరూ జాగ్రత్త, అని. మొన్నటి ఉత్తరం ఎర్ర సిరాతో ఉంది. ఎప్పుడూ నీలమే. అందులో ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. బాగున్నాడనే చదివాను.”

“జరుగు. గడియ తీశాను.”

“చదువుతావా?”

“చదువుతాను, వణుకుతూనైనా. నా తర్వాత నువ్వు చదవకు. లేచి నిలబడి, నాకు చదవడం రాదు అని చెప్పు. రేపటి నుంచి రోజూ నువ్వు రెండక్షరాలు దిద్దేదాకా మేం ఐదుగురం డబ్బా తెరవం. నీ రూలే. బడి వదలగానే ఆ ఉత్తరం పట్టుకురా, అమ్మని కూడా తీసుకురా. ఇవాళ ఉత్తరం నేను చదువుతాను. తర్వాత వచ్చే ఉత్తరం నువ్వే చదవాలి. పద.”