బాల్చీడు సున్నం

మరావీ ఊరి బయట, యుద్ధంలో ఇళ్ళు పోయినవాళ్ళ రేకుల షెడ్ల మధ్య, సారిప్ కాఫీ కొట్టు బెంచీ మీద ఒమైరా అయోమయంగా కూర్చుంది. ఇళ్ళు కట్టించే ఆఫీసువాళ్ళు పొద్దున మళ్ళీ అదే పాట పాడారు. "మేం ఇళ్ళ లెక్క రాసుకోడానికి వచ్చినప్పుడు మీ గోడ మీద అంకె లేదమ్మా. అంకె లేని ఇంటికి సాయం రాదు." వీధిలో ప్రతి గోడకీ ఎర్రరంగుతో అంకె వేసినవాళ్ళు తన గోడనే ఎందుకు వదిలేశారు? మూడేళ్ళుగా ఎంత ఆలోచించినా ఆమెకి బుర్రకెక్కడం లేదు.

పక్కన మకపుండగ్ గొంతు సవరించుకున్నాడు. పాత వీధిలో పొరుగువాడు, బాబాయి వరస, వాళ్ళ భాషలో బాపా. అందరికీ బాపాయే.

"ఇల్లు చూసుకోడానికి మా వీధికి మూడంటే మూడు రోజులిచ్చారా, మొదటిరోజే దూరాను. ఈ అమ్మాయి ఇంటికి కప్పు లేదు, ముందుగోడ ఒక్కటే నిలబడింది. దాని మీద సంతలో మేకకి వేసినట్టు ఎర్ర గుర్తు! ఇదేం ఖర్మరా అని కొబ్బరిపీచుతో అరగంట తోమి, బాల్చీడు సున్నం కలిపి తెల్లగా మెరిపించేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాల్చీలో చూద్దును కదా, సున్నం అంగుళం తగ్గితే ఒట్టు!"

"సాయం కింద వచ్చిన సున్నం కదా, బరకతు ఎక్కువ, ఎంత వాడినా తరగదు," అన్నాడు సారిప్.

"నవ్వకు. వీధంతా వేశా, ఇంకా ఉంది. మినారుకి నిచ్చెన చాలకపోతే కొంగ కాళ్ళు పట్టుకుని ఎగురుతూ వేశా. ఇంకా ఉంది! మిగిలింది పారబోస్తే లానావ్ సరస్సులో చేపల పొట్టలు ఇప్పటికీ తెలుపే, కావాలంటే వెళ్ళి చూసుకో. పైనుంచి చూస్తే ఊరు ఊరంతా తెల్లజెండా! పక్కదేశంలో కొట్టుకుచస్తున్న రెండు పక్షాలూ అది చూసి, అవతలివాడు లొంగిపోయాడనుకుని, తుపాకులు పారేసి అన్నాలకి పోయారు!"

"ఆగు బాపా," అన్నాడు సారిప్. "వీధంతా వేస్తే మా గోడ మీద అంకె ఎలా మిగిలింది? అది చూసేగా నాకు ఇల్లు రాశారు?"

బెంచీలన్నీ గొల్లుమన్నాయి. ఒమైరా మాత్రం నవ్వలేదు. కాఫీ చేతిలోనే చల్లారిపోయింది.

"బాపా, ఆ మొదటి గోడ... నాది. అదీ కోతేనా?"

మకపుండగ్ బిక్కమొహం వేశాడు. "అది కోత కాదమ్మా. మూడోరోజు నువ్వొచ్చేసరికి గోడన్నా శుభ్రంగా ఉండాలనుకున్నా. ఆ గుర్తుతో పనుంటుందని నాకేం తెలుసు? సున్నం నీ గోడకే అయిపోయింది."

తిట్టాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. "తెల్లగోడ చూసి, ఏ పుణ్యాత్ముడోనని దువా చేశానే నీకు!" అంది. కప్పు బెంచీ మీద పెట్టి, "రేపు ఆఫీసుకొచ్చి ఈ ఒక్కటే చెప్పు బాపా. కొంగా వద్దు, చేపా వద్దు."

"ప్రమాణం చేసి చెప్తానమ్మా." ఆయన తల వంచుకున్నాడు. "కానీ ఆ ఆఫీసు గుమాస్తా నిన్న దారిలో కలిస్తే ఈ సున్నం కథే చెప్పా. కడుపు పట్టుకుని నవ్వి మరీ పోయాడు."