ఇంకా రాలేదు

రిటైరైన ఇంగ్లీషు టీచరు, లిఫ్టు మెకానిక్కుకు ఎనిమిది నెలలుగా వారానికోసారి తన ముందుగదిలో పాఠం చెబుతోంది. ఆ సాయంత్రం అతను నోటుపుస్తకం తెరవలేదు.

“తియ్యి. పోయిన వారం ‘కెన్’, ‘మే’ దగ్గర ఆగాం.”

“ఎప్పుడూ అక్కడే ఆగుతున్నాం కదా మేడం.”

“నీకు కుదరట్లేదు మరి. లిఫ్టు బాగుచేయగలను, చెప్పు.”

“ఐ కెన్ రిపేర్ ద లిఫ్ట్.”

“లోపలికి రావచ్చా?”

“మే ఐ కమ్ ఇన్?”

“తలుపు తీస్తారా అని, మర్యాదగా?”

“కుడ్ యూ ఓపెన్ ద డోర్, ప్లీజ్?”

“ఊఁ... పలకడం ఇంకా...”

“పలకడం సంగతి వదిలెయ్యండి. తప్పా, ఒప్పా?”

“ముందు టీ తాగు. చల్లారిపోతుంది.”

“నిన్న మా ఆఫీసులో కొత్త ఇంజినీరమ్మ నా పుస్తకం తిరగేసింది. మీరు ఎర్ర సిరాతో కొట్టేసినవి చూసి నవ్వింది.”

“నవ్వడానికేముంది?”

“‘కెన్ ఐ గో’ అని రాస్తే కొట్టేసి ‘మే’ అన్నారు. మరుసటి వారం ‘మే’ రాస్తే కొట్టేసి ‘కెన్’ అన్నారు. రెండూ సరైనవేనంది.”

“ఈ కాలం వాళ్లకి వ్యాకరణమంటే లెక్కలేదు.”

“నేనూ అదే అన్నాను. మా మేడం ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పింది, నీకేం తెలుసని గొడవ పడ్డాను. ఆవిడ గ్రామర్ పుస్తకం తెచ్చి ముందు పెట్టింది.”

“నాయనా, టీ...”

“మార్చిలో ఇంగ్లీషులో పెట్టే సూపర్‌వైజరు పరీక్ష రాయనా అని అడిగాను. ఏమన్నారు?”

“ఇంకా రాలేదు, ఆగమన్నాను.”

“ఆగాను. నా తర్వాత చేరినవాడు రాశాడు. ఇప్పుడు నాకు డ్యూటీలు వేసేది వాడే.”

“అంతదాకా వస్తుందనుకోలేదు.”

“ఎందుకు చేశారు? ఫీజు కూడా తీసుకోరు కదా మీరు.”

“వచ్చేసిందంటే ఇక నువ్వు రావు.”

“మేడం...”

“రెండో నెలకే నీకన్నీ వచ్చేశాయి. చెబుదామనే కూర్చున్నాను. నువ్వు గుమ్మంలో చెప్పులు విప్పుతూ ‘భోంచేశారా మేడం’ అన్నావు. ఆ మాట అడిగే మనిషి లేక ఎన్నేళ్లయిందో. చెప్పకుండా మళ్లీ పాఠం మొదలుపెట్టాను.”

“రమ్మని ఒక్క మాట అంటే రాకపోయేవాణ్ణా?”

“ఎలా అడగాలో ఊరందరి పిల్లలకీ నేర్పాను. నాకు మాత్రం చేతకాలేదు.”

“సోమవారం మళ్లీ పరీక్ష ఉంది. రాస్తున్నాను.”

“రాయి. నీకు వచ్చు. ఎప్పుడో వచ్చు.”

“ఇక రాను మేడం.”

“ఊఁ. నేను చేసింది చిన్న తప్పు కాదు. ఇల్లూ సంసారం ఉన్నవాడివి, పాఠం లేకపోతే ఈ ముసలిదాని దగ్గరికి ఊరికే ఎందుకొస్తావులే అనుకున్నాను.”

“సంసారమా? ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా అడిగారా మేడం, నాకెవరున్నారని?”