సీటు కింద బైబిలు

ఆదివారం ఉదయం అత్తగారితో కలిసి చర్చికి బయల్దేరిన పాస్టరు, తుడిచే గుడ్డ కోసం స్కూటర్ సీటు ఎత్తాడు.

"అత్తయ్యా, ఇక్కడ ఈ బైబిలేంటి?"

"నేనే పెట్టాను బాబూ. పోయిన నెల మీరు కాలవలో పడ్డాక."

"ఇదేమన్నా తాయెత్తా?"

"ఛ ఛ, మనం తాయెత్తులు కడతామా? ఇది బైబిలు."

"దాంతో తాయెత్తు పనే చేయిస్తున్నారుగా."

"చేస్తోంది కూడా. అది పెట్టినప్పట్నుంచి బండి ఒక్కసారైనా మొరాయించిందా?"

"కొత్త ప్లగ్గు వేయించాను, అందుకని."

"ఆ వేసిన మెకానిక్కే అన్నాడు, ఈ బండి నడవడం దేవుడి దయేనని."

"బైబిలున్నది చదువుకోడానికి అత్తయ్యా, సీటు కింద దాచుకోడానికి కాదు. ఇవాళ నా ప్రసంగం కూడా దీని మీదే. ఇదిగో, పట్టుకోండి."

"మీ ఇష్టం. నాకేం తెలుసు, మీరు చదువుకున్నవాళ్లు."

"నమ్మాల్సింది దేవుణ్ణి, వస్తువుల్ని కాదు. ఎక్కండి, టైమైపోతోంది."

"ముందు దాన్ని స్టార్ట్ కానివ్వండి."

పాస్టరు బటన్ నొక్కాడు. తర్వాత కిక్కు కొట్టాడు. ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కునేదాకా కొడుతూనే ఉన్నాడు. బండి దగ్గనైనా దగ్గలేదు. దూరంగా చర్చి గంట మోగింది. అత్తగారు బైబిలు గుండెలకి హత్తుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు.

"అత్తయ్యా."

"ఊఁ."

"ఆ బైబిలు ఒకసారి ఇలా ఇవ్వండి."

"చదువుకుంటారా బాబూ?"