ఖుర్దారోడ్‌కి ట్రాన్స్‌ఫర్

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. సాయంత్రం. షెడ్డు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన చిన్నారావు, అతని భార్య నీలవేణి, తల్లి అచ్చియమ్మ.

"వంటిల్లు కూడా చూపించేవా?"

"చూపించకేటి చెయ్యమంటారు? గుమ్మంలోకి వచ్చీసి, చెప్పులు విప్పీసి, టేపు తీసింది."

"టేపా?"

"టేపే. టైలర్లు మెళ్ళో వేసుకుంటారే, అది. కిటికీ కొలిచింది. బీరువా పడుతుందో లేదో గోడ కొలిచింది. 'నీలవేణీ, ఈ కుళాయి కారుతోంది, మీరు వెళ్ళేలోగా కంప్లెయింట్ రాసి వెళ్ళు తల్లీ' అని చెప్పి మరీ వెళ్ళింది."

"ఎవరావిడ?"

"ఝాన్సీ. టీటీ గారి భార్య. మనం ఖాళీ చేస్తే ఈ క్వార్టర్ వాళ్ళకి కావాలట."

"తలుపు తియ్యకుండా ఉండాల్సింది."

"నిన్న ఇద్దరొస్తే తియ్యలేదు. 'ఉన్నారు ఉన్నారు, కుక్కర్ విజిలేసింది' అని కిటికీలోంచి పిలిచేరు. ఇకనించి కుక్కర్ నోరు కూడా నొక్కీమంటారా?"

"నన్నెందుకే అంటావు?"

"మరెవర్నండీ అనాలి? ట్రాన్స్‌ఫర్ అయిందని ఊరంతా చెప్పింది నేనా?"

"ఊరంతా నేనేటి చెప్పేను? ఒక్క మనిషికి చెప్పేను."

"రైల్వే కాలనీలో ఒక్క మనిషికి చెప్తే చాలదా?"

"నెమ్మదిగా. గోడవతల వింటారు."

"వినీ వినీ అలిసిపోయేరు. గోడవతల ఒడియావిడ ఖుర్దారోడ్‌లో ఉన్న వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసి, మనకి అద్దెకి ఇల్లు కూడా చూసీసింది. రెండు గదులట. నీళ్ళకి ఇబ్బంది లేదట. రేపు ఫోటోలు పంపుతాడట."

"అక్కడ క్వార్టర్ ఇస్తారని చెప్పీలేకపోయేవా?"

"చెప్పేను. 'క్వార్టర్ దొరికేదాకా రోడ్డు మీద ఉంటారా దీదీ' అంది. అబద్ధానికి అబద్ధం అతికించడం నాకు చేతకాదండీ. మీకైతే అలవాటు—"

"నాకేటి అలవాటు? నాకేటి అలవాటే?"

"ఒరే సిన్నా, ముందు కాళ్ళు కడుక్కోని రా. ఏవే కోడలా, ఆడికి టీ ఇచ్చి తిట్టకూడదా?"

"మీరొకరు అత్తయ్యా. గుడి దగ్గర ఏటి చెప్పేరు?"

"నానేటి సెప్పేను? ఎప్పుడెళ్తన్నారమ్మా అని అడిగితే, కార్తీకం ఎళ్ళాక అన్నాను."

"నేనేమో నెలాఖరన్నాను! ఈయన షెడ్డులో వచ్చేవారం అన్నారట."

"వచ్చేవారం అనలేదు. చూద్దాం అన్నాను."

"అన్నిటికీ చూద్దామే. పన్నెండు రోజులై చూద్దామే. ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మీకు సెండాఫ్ పెడుతున్నారు పైడిరాజు అన్నయ్య. అదైనా తెలుసా?"

"తెలుసు."

"ఎవరు చెప్పేరు?"

"ఆయనే. శాలువా ఏ రంగు తెమ్మంటావని అడిగేడు."

"మీరేటన్నారు?"

"ఏ రంగైనా పర్లేదన్నాను."

"ఖర్మ!"

"మరేటనమంటావు? శాలువా వద్దు బావా, నేనెక్కడికీ వెళ్ళట్లేదు అనా?"

"అవును, అదే అనాలి! ఆ ఒక్క ముక్కే అనాలి!"

"అరవకే."

"ఒరే, ఇప్పుడు సెప్పు. నాకు సరిగ్గా ఎవులూ సెప్పలేదు. అసలా మాట నీ నోటికెలా వచ్చిందిరా? పైడిరాజంటే మన పిల్లకి ఎనిమిదేళ్ళప్పటి నుంచి ఆట నేర్పినోడు. డబ్బులడగలేదు, దస్కం అడగలేదు. అలాటోడి దగ్గర..."

"నిజం చెప్పడానికే వెళ్ళేనమ్మా. భువనేశ్వర్ పెద్ద యూనివర్సిటీ వాళ్ళు భానుని వాళ్ళ టీముకి తీసుకుంటామన్నారు కదా. ఇక్కడి కాలేజీ కోచ్, అంటే మన బావే, అభ్యంతరం లేదని సంతకం పెడితేనే తీసుకుంటారు. ఆ కాయితం జేబులో పెట్టుకుని గ్రౌండుకెళ్ళేను. బావ గోలుపోస్టుకి నెట్ కడుతున్నాడు. నన్ను చూసి, 'చిన్నారావ్, ఈ చివర పట్టుకో' అన్నాడు. పట్టుకున్నాను."

"పట్టుకుని?"

"నెట్ కడతా కడతా చెప్తున్నాడు. వచ్చే నెల ఈస్ట్ జోన్ పోటీలకి మన పిల్లలు మొదటిసారి వెళ్తున్నారు, భాను ఉందన్న ధైర్యమే నాది అని. బంతి దాని కాళ్ళ దగ్గరికొస్తే చాలు, మిగతా పదిమందీ ఎటు పరిగెత్తాలో అదే చూపిస్తాదని. ఆ మాట వింటా కాయితం ఎలా తియ్యనమ్మా?"

"తీసేవు కదరా."

"తీసేను. ఇదేటి అన్నాడు. 'ట్రాన్స్‌ఫర్ బావా, భువనేశ్వర్ పక్కన ఖుర్దారోడ్‌కి వేసీసేరు, ఇంటిల్లిపాదీ వెళ్ళిపోతున్నాం' అన్నాను. దానంతటది వచ్చీసింది నోట్లోంచి. ట్రాన్స్‌ఫర్ అంటే ఎవరి తప్పూ కాదు కదా. రైల్వేలో ఎందుకని ఎవరూ అడగరు."

"అన్నయ్య కూడా అడగలేదు. అదే మీ అదృష్టం."

"అడగలేదు. ఈ వయసులో నిన్ను కదిపేరేటిరా అని నన్నే ఓదార్చేడు. పెన్ను రాయకపోతే స్కూటర్ డిక్కీలో వెతికి ఇంకోటి తెచ్చి సంతకం పెట్టేడు. కింద హిందీలో రెండు ముక్కలు కూడా రాసేడు."

"ఏటి రాసేడు?"

"అక్కడి కోచ్ ఎవరో తెలీదు కదా ఆయనకి. ఎవరైతే వాళ్ళకని రాసేడు. 'ఈ పిల్లని అంచున ఆడించకండి, మధ్యలో ఉంచండి. అలిసిపోయినా చెప్పదు, మీరే కనిపెట్టుకోండి' అని."

"పాపం, ఆ మడిసి..."

"అది చదివి నాకు ఆ పూట అన్నం దిగలేదత్తయ్యా. నేను మటుకు ఏం తక్కువ చేసేను? మొన్న అన్నయ్య వస్తే పకోడీలు వేసి పెట్టేను. 'అక్కడ చేపలు బాగుంటాయమ్మా' అంటే, అవునన్నయ్యా అన్నాను. నోరు విప్పలేదు."

"నువ్వూ చెప్పలేదు కదా మరి. నన్నంటావు."

"మిమ్మల్ని చూసి చెప్పలేదు! మొగుడు ఆడిన మాట పెళ్ళాం కొట్టీగలదా? అసలు పిల్ల వెళ్ళడంలో తప్పేటుందండీ? దసరాకి రావణుణ్ణి కాల్చిన గ్రౌండు. మేకులూ గాజుపెంకులూ ఏరుకుని ఆడుతున్నారు. అక్కడ పచ్చగడ్డి, హాస్టలు, మోకాలు చూడ్డానికి డాక్టరు. అక్కడ ఆడితే రేపు ఉద్యోగం. ఇదే చెప్పుంటే అన్నయ్య కాదంటారా?"

"కాదనడు."

"మరేటి భయం?"

"కాదనడనే భయం. తిడితే బాగుణ్ణు. ఆయన తిట్టడే. మంచిది, వెళ్ళనీ అంటాడు. అని, ఆ నెట్ తనే కట్టుకుంటాడు."

"అదిగో, గేటు చప్పుడు. భాను వచ్చింది. దాని ముందు మళ్ళీ ఎత్తకండి."

"నేను విన్నాను అమ్మా. గేటు దాకా వినిపిస్తోంది."

"రామ్మా. ప్రాక్టీసు తొందరగా అయిపోయిందేటి?"

"నేను మధ్యలో వచ్చీసేను. రేపట్నుంచి వెళ్ళను."

"మోకాలా? మళ్ళీ మోకాలేనా?"

"మోకాలు కాదు నాన్నా."

"ఏడిచేవా? ఇలా చూడు. ఏడిచేవేటే?"

"ఏడవలేదు నానమ్మా. ఏడిచింది శ్వేత. మా గోల్‌కీపర్."

"అదెందుకేడిచింది?"

"పొద్దున్న నుంచి టీమ్‌లో ఎవరూ నాతో మాట్లాడలేదు. బంతి కూడా పాస్ ఇవ్వలేదు. నేను పెద్ద టీమ్ దొరికిందని వీళ్ళని వదిలేసి పోతున్నానని ఎవరో చెప్పేరట."

"ఎవరు? ఎవరు చెప్పేరు?"

"ఎవరైతే ఏంటి నాన్నా? సచ్ తో హై. నిజమే కదా."

"తర్వాత?"

"సర్‌కి తెలిసింది. అందర్నీ లైన్లో నిలబెట్టేరు. 'భాను వాళ్ళ నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయింది. రైల్వే పిల్లలకి ఇది తప్పదు. దాన్ని ఆ మాట ఇంకోసారి ఎవరంటే వాళ్ళు నా టీమ్‌లో ఉండరు' అన్నారు. సర్ అలా గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. నా కోసం అరిచేరు."

"అంత మాట అన్నాడా బావ?"

"అప్పుడు శ్వేత వచ్చి నన్ను పట్టుకుని ఏడిచింది. సారీ దీదీ, నిన్ను తప్పుగా అనుకున్నాం అని. నన్ను సారీ అడిగిందమ్మా. అది. నన్ను."

"నువ్వేటన్నావు?"

"పర్లేదన్నాను. వీపు తట్టేను కూడా. పెద్ద గొప్పదాన్లా."

"పోన్లే తల్లీ, పోన్లే."

"పోనివ్వడానికి ఏటుంది నానమ్మా? నాన్న ఒక్కసారి చెప్పేరు. నేను రోజూ పొద్దున్నా సాయంత్రం చెప్తున్నాను. 'అచ్ఛా, కొత్త కాలేజీ బస్సు వస్తుందా మీ కొత్త క్వార్టర్ దగ్గరికి' అని చిన్నపిల్లలు అడిగితే, వస్తుంది అంటున్నాను. ఏ బస్సు? నాకేం తెలుసు?"

"భానూ..."

"నువ్వు చెప్తావా నాన్నా, నేను చెప్పనా?"

"చూద్దాంలే అమ్మా."

"చూసేరా అత్తయ్యా? మళ్ళీ చూద్దాం!"

"సర్ ఇంకా గ్రౌండులోనే ఉన్నారు. ఆ కాయితం ఇటివ్వు. తిరిగిచ్చీసి, నిజం చెప్పీసి వస్తాను. ఈస్ట్ జోన్ ఇక్కడి నుంచే ఆడతాను."

"సీటు పోతాదే. ఇరవయ్యో తారీకు దాటితే వాళ్ళు ఇంకో పిల్లని తీసుకుంటారు."

"తీసుకోనీ."

"తీసుకోనీ అని మనసులోంచే అంటున్నావా? నా మొహం చూసి చెప్పు."

"...లేదమ్మా."

"మరి?"

"వెళ్ళాలనే ఉంది. చాలా ఉంది. రాత్రి ఫోన్‌లో వాళ్ళ గ్రౌండు ఫోటోలు చూస్తున్నాను. సర్ నా కోసం అరుస్తుంటే కూడా లోపల అదే ఉంది, సంతకం అయిపోయింది కదా, నేను వెళ్ళిపోతాను కదా అని. అందుకే ఇంక గ్రౌండులో నిలబడలేకపోయేను. నేనేం మనిషిని?"

"ఒసే, ఆశ పడితే మడిసి కాదేటి? కూకో. నీళ్ళు తాగు."

"లేదు, ఇదింక తేలిపోవాలి. ఏవండీ, లెండి. నలుగురం వెళ్దాం. అన్నయ్య కాళ్ళ మీద పడైనా సరే. పిల్లని ఆశీర్వదించి పంపించమని అడుగుదాం. తిడితే నలుగురం కలిసి తిట్టించుకుందాం. నేను చీర మార్చుకుంటాను."

"వద్దు."

"వద్దేటి?"

"చీర మార్చుకోవద్దు. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

"ఇంతసేపు పిల్ల చెప్పింది విన్నారా, లేదా?"

"విన్నాను. అంతా విన్నాను. కాయితం బీరువాలోనే ఉండనీ. దాని సీటు దానికే ఉంటాది."

"అదే సర్‌కి ఏం చెప్పాలి నాన్నా?"

"ఏటీ చెప్పక్కర్లేదు. అమ్మా, ఆ టీవీ కట్టీ."

"సప్పుడు లేదు కదరా, బొమ్మలే."

"కట్టీ అమ్మా. భానూ, కూర్చో. నువ్వూ కూర్చో వేణీ. ఒక మాట చెప్పాలి."

"ఏటండీ? నాకు భయమేస్తోంది."

"మనం ఖుర్దారోడ్ వెళ్తున్నాం. నలుగురం."

"మళ్ళీనా! ఇక్కడెవరున్నారండీ? మా దగ్గర కూడా అదే మాటా?"

"ఇది ఉత్తది కాదు. బావతో ఆ మాట అన్న మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి రాసిచ్చీసేను, ఖుర్దారోడ్‌కి నన్ను పంపించమని. పైకి పంపించీసేరట. రెండు నెలలో, మూడు నెలలో, ఆర్డర్ వచ్చీస్తాది. అప్పటిదాకా ఇక్కణ్ణించి రిలీవ్ చేసి పంపట్లేదని చెప్తే ఎవరైనా నమ్ముతారు."

"మర్నాడేనా? పదకొండు రోజులైపోయిందా? నేను రోజూ ఇలా అరుస్తుంటే, నాతో ఒక్క ముక్క—"

"చెప్దామనే అనుకున్నాను. రోజూ."

"మన అంతట మనం అడిగి వెళ్తే సీనియారిటీ పోతాది కదండీ? వచ్చే లిస్టులో ప్రమోషన్ మీదే అన్నారు. స్వీట్లు కూడా ఏవి పంచాలో..."

"పోతాది. అక్కడ మొన్న చేరినోడి వెనకాల నా పేరు."

"ఇరవై నాలుగేళ్ళ సర్వీసురా సిన్నా."

"అవునమ్మా."

"నాన్నా, సర్ దగ్గరికెళ్ళి నిజం చెప్పడం కన్నా ఇది సులువా నీకు?"

"అదే సులువైందమ్మా."