నోరా కొట్టు బీరు

హామిల్టన్‌లో ఒక సూపర్‌మార్కెట్ ముందు నా మనవరాలు కారు ఆపింది. మరునాడు బోనాలు. కల్లు దొరకని ఈ పరాయి దేశంలో మేము మైసమ్మ తల్లి ముందు సాకగా ధారపోసేది బీరే.

"దిగు నానమ్మా. కూరగాయలతో పాటు బీరు కూడా ఇక్కడే తీసుకుందాం."

"నేను దిగ. నోరా కొట్టుకు పోనియ్యి."

"ఆవిడ అమ్మే బీరే ఇక్కడా ఉంది, అదే డబ్బాలో!"

"ఎవలు చేసిండ్రో లోపల ఎవలన్న చెప్తరా?"

"షెల్ఫ్‌ని అడుగుతావా ఏంటి?"

"గందుకే పోదామంటున్న. మీ తాత గీసిన కల్లు ఆయన పేరు మీదనే ఇంటింటికి పోయేది. ఎవలు గీసిండ్రో తెల్వని కల్లు మైసమ్మకు ఎన్నడు పొయ్యలే. నోరా అయితే కూసోబెట్టి అన్ని చెప్తది."

"ఆవిడ చెప్పేదంతా నీకు ట్రాన్స్‌లేట్ చేసేది నేనే కదా!"

"చేస్తే నోరు అరిగిపోతదా?"

"నానమ్మా, బాధపడతావని చెప్పలేదు. వచ్చే నెల నోరా షాపు మూసేస్తోంది. అందరూ సూపర్‌మార్కెట్లోనే కొంటున్నారు."

"అందరంటే? నువ్వు గూడనా?"

"...దారిలోనే కదా అని."

"బండి తిప్పు."

"నువ్వొక్కదానివి కొంటే షాపు నిలబడుతుందా?"

"నిలబడకుంటే మానె. మూసేనాడు గూడ ఆడనే కొంట. రేపు నోరాను బోనాలకు పిలుస్త. మొదటి సాక ఆమె చేతనే పోయిస్త."

"బోనాలు జరిపే తెలుగు అసోసియేషన్ వాళ్లు ఊరుకుంటారా?"

"బోనం మైసమ్మకు గాని వాళ్లకా? ఆ బీరు ఎవలు చేసిండ్రో నోరానే మైసమ్మకు చెప్తది. నువ్వు ట్రాన్స్‌లేట్ చెయ్యి."